మాస్కు వెనక ఎవరుంటే మేలు? జేసన్ మూడు అవతారాలు

హంతకుడు చచ్చిపోయాడు, జనం మాత్రం ఇంకా టికెట్లు కొంటున్నారు. 1984లో ‘ఫ్రైడే ది థర్టీంత్’ అనే అమెరికన్ హారర్ సినిమాల సిరీస్ నిర్మాతలకు వచ్చిన చిక్కు ఇది. నాలుగో భాగానికి ‘ది ఫైనల్ చాప్టర్’ అని పేరు పెట్టి మరీ, టామీ జార్విస్ అనే పిల్లాడి చేత హంతకుడు జేసన్‌ను వేటకత్తితో నరికించేశారు. సినిమా బాగా ఆడింది. ఇంకేముంది, మరుసటి ఏడాదే ఐదోది వచ్చేసింది.

చచ్చినవాణ్ణి మళ్లీ ఎలా నడిపించాలన్నదానికి ఈ సిరీస్ మూడు రకాల జవాబులు చెప్పింది: ఐదో భాగం (1985), ఆరో భాగం (1986), తొమ్మిదో భాగం (1993). ముగింపులతో సహా అన్నీ చెప్పేస్తున్నాను. చూసే ఉద్దేశం ఉన్నవాళ్లు ఇక్కడే ఆగండి.

అసలు ఈ సిరీస్‌లో హంతకుడు మారడం కొత్తేం కాదు. 1980 నాటి మొదటి సినిమాలో చంపేది జేసన్ కాదు, వాళ్లమ్మ పమేలా. జేసన్ కత్తి పట్టింది 1981లో, అప్పుడు తలకు గుడ్డ సంచి. ఇవాళ అందరూ గుర్తుపట్టే హాకీ మాస్కు 1982లో మూడో భాగంలో గానీ రాలేదు. కాబట్టి ‘మార్చారు’ అని ఎవరినీ తప్పు పట్టలేం. ఎలా మార్చారన్నదే చూడాలి.

ఐదో భాగం దారి: మాస్కు అదే, మనిషి వేరు. పెద్దవాడైన టామీ ఒక పునరావాస కేంద్రంలో చేరతాడు. అక్కడ జోయీ అనే అమాయకుడు చేతిలో చాక్లెట్ పట్టుకుని, కట్టెలు కొడుతున్నవాడి దగ్గరికి వెళ్లి మాటలు కలుపుతాడు. వాడికి చిర్రెత్తి, అదే గొడ్డలితో జోయీని నరికేస్తాడు. శవాన్ని తీసుకెళ్లడానికి వచ్చిన అంబులెన్స్ మనిషి రాయ్ దుప్పటి తీసి చూసి కొయ్యబారిపోతాడు. కెమెరా అతని మొహం మీద కాసేపు ఆగుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు. రెండోసారి చూస్తే సినిమా మొత్తం అక్కడే ఉంది: జోయీ రాయ్ కొడుకు. ఆ తర్వాత మాస్కు పెట్టుకుని అందరినీ చంపేది రాయే.

ఇది చెత్త ఆలోచనని చాలామంది కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. కొడుకు పోయాడన్న దుఃఖంతో చంపే తల్లితోనే కదా ఈ సిరీస్ మొదలైంది? ఈసారి తండ్రి, అంతే. కాగితం మీద చూస్తే మొదటి సినిమాకు అన్నిటికంటే దగ్గరి చుట్టం ఇదే. పాడైందల్లా చెప్పడంలో. మొదటి సినిమాలో పమేలా చివర్లో వచ్చినా, తన గోడు తానే చెప్పుకుంటుంది. పమేలాగా వేసిన బెట్సీ పాల్మర్ ఆ నవ్వు నవ్వుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. రాయ్‌కి ఆ అవకాశమే ఇవ్వలేదు. అతను చచ్చాక ఆసుపత్రిలో షెరీఫ్ నిలబడి సంగతంతా నాలుగు ముక్కల్లో అప్పజెప్పేస్తాడు. ఇంతసేపూ చూసినవాడు జేసన్ కాదని తెలిశాక భయం పోయి, మోసపోయామన్న చిరాకు మిగులుతుంది.

ఆరో భాగం ‘జేసన్ లివ్స్’. దర్శకుడు టామ్ మెక్‌లాఫ్లిన్ ఇక్కడ దొంగచాటు పనులేమీ పెట్టుకోలేదు. టామీ తన భయం వదిలించుకోవడానికి జేసన్ సమాధి తవ్వుతాడు. శవాన్ని చూడగానే కసి పట్టలేక, శ్మశానం కంచె నుంచి ఇనుప ఊచ పీకి గుండెల్లో పొడుస్తాడు. దాని మీద పిడుగు పడుతుంది. పురుగులు పట్టిన కన్ను తెరుచుకుంటుంది. పెట్రోలు పోసి కాల్చేద్దామని టామీ అగ్గిపుల్ల గీస్తే వాన ఆర్పేస్తుంది! భయమూ నవ్వూ ఒకే షాట్‌లో. అంతకుముందు సినిమాలో ఊరి మేయర్ జేసన్‌ను దహనం చేసేశామని అంటాడు. మరి సమాధిలో శవం ఎక్కడిది? సినిమా అడగదు, మనకూ అడగాలనిపించదు.

అప్పటిదాకా జేసన్ ఎన్ని దెబ్బలు తిన్నా లేచే మనిషి. ఇక్కడి నుంచి నిజంగానే చావులేని శవం. నడక బరువెక్కింది, తొందర పోయింది. పైగా కథ జరిగే వేసవి క్యాంపులో ఈసారి చిన్నపిల్లలున్నారు. మంచం మీద ప్రార్థన చేసుకుంటున్న ఒక పాప మీదికి జేసన్ వంగి చూస్తాడు, కాసేపటికి వెళ్లిపోతాడు. ఎందుకు వదిలేశాడో సినిమా చెప్పదు. నా లెక్కన సినిమాలో అన్నిటికంటే టెన్షన్ పెట్టేది రక్తం చుక్కైనా పడని ఆ సీనే.

విచిత్రమేమిటంటే అమెరికాలో ఐదోది దాదాపు 2 కోట్ల 20 లక్షల డాలర్లు తెస్తే, దానికంటే ఎంతో మెరుగైన ఆరోది 2 కోట్ల లోపే ఆగింది. ఐదోదాని పాపం ఆరోది మోసిందని నా అనుమానం.

తొమ్మిదోది, ‘జేసన్ గోస్ టు హెల్’, పరకాయ ప్రవేశం. మొదట్లోనే ఎఫ్‌బీఐ వాళ్లు వల పన్ని జేసన్‌ను తునాతునకలు చేస్తారు. శవపరీక్ష చేసే డాక్టరు ఆ గుండెను చూసి, మైకం కమ్మినట్టు కొరికి తినేస్తాడు. అక్కడి నుంచి జేసన్ ఒంటి నుంచి ఒంటికి మారుతుంటాడు. రక్తసంబంధీకుల ద్వారానే తిరిగి పుట్టాలి, రక్తసంబంధీకులే చంపాలి... ఎనిమిది సినిమాల్లో లేని రూల్సు హఠాత్తుగా ఊడిపడతాయి. ధైర్యానికి మెచ్చుకోవాల్సిందే. కానీ జేసన్ వేషానికి కేన్ హాడర్ లాంటి భారీ మనిషిని పెట్టుకుని, మొదలూ చివరా వదిలేస్తే అద్దాల్లో మాత్రమే చూపిస్తే ఎలా? 1982లో తమ హంతకుడు మైకేల్ మైయర్స్ లేకుండా ‘హాలోవీన్’ అనే మరో హారర్ సిరీస్ మూడో భాగం తీసినవాళ్లూ ఇలాగే దెబ్బతిని, 1988లో అతన్ని పేరులోనే పెట్టుకుని తిరిగొచ్చారు.

నా ఓటు ఆరోదానికే. వాడికి కొత్త శక్తి ఇచ్చారు గానీ ఆకారం జోలికి పోలేదు. మాస్కు కనబడగానే వాడే అని తెలుస్తుంది, తెలిసినా భయమేస్తుంది. ఐదోదాన్ని విడిగా కాకుండా 1980 సినిమా చూసిన వెంటనే చూడండి, తల్లి పక్కన ఆ తండ్రి కాస్త ఆనతాడు. తొమ్మిదోదానికి మొదటి పది నిమిషాలు చాలు. ఆ తర్వాత కరెంటు పోయినా పెద్ద నష్టం లేదు.