డీజేఐ మైక్ 2: యాంకర్ల పేర్లు అలల హోరులో కలిసిపోకుండా

లైఫ్‌స్టైల్ షో మొదటి ఎపిసోడ్‌లో యాంకర్ల పరిచయం నిమిషం కూడా ఉండదు. ఆ నిమిషంలో చూసేవాళ్లకు అందాల్సినవి రెండే: వీళ్ల పేర్లేమిటి, ఎవరు ఏ సంగతులు చెబుతారు. విశాఖలో ఈ పరిచయాన్ని ఎక్కువగా ఆర్కే బీచ్‌లోనో, రుషికొండలోనో, కైలాసగిరి మీదో సముద్రం కనబడేలా తీస్తారు. బొమ్మ అదిరిపోతుంది, పేరు మాత్రం గాలికి పోతుంది. డీజేఐ మైక్ 2 అనే వైర్‌లెస్ మైక్ సెట్ ఈ ఒక్క పనికి ఎంతవరకు పనికొస్తుందో, దాన్ని ఎలా వాడాలో, ఎక్కడ దెబ్బతింటామో చెప్పడానికే ఈ సమీక్ష.

ముందు పేరు ఎందుకు పోతుందో చూద్దాం. తప్పంతా గాలిది కాదు. "నమస్తే, నేను మీ ఫలానా" అంటారు యాంకర్లు. తెలుగులో ఈ వాక్యానికి చివర క్రియ ఉండదు, పేరే ఆఖరి మాట. వాక్యం చివరికొచ్చేసరికి గొంతు సహజంగా కిందికి దిగుతుంది, ఊపిరీ తగ్గుతుంది. అంటే మొత్తం వాక్యంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాటే అన్నిటికన్నా మెల్లగా పడుతుంది. అదే క్షణంలో వెనక ఓ అల విరిగిందా, ఇక అంతే. అందుకే ఒకరి పేరు ఇంకొకరితో చెప్పించడం మేలు. "ఫలానా గారు వంటింటి సంగతులు చూస్తారు" అన్నప్పుడు పేరు వాక్యం మొదట్లో, నిండు గొంతుతో వస్తుంది. పేరుకు ముందు అర సెకను ఆగితే ఎడిటర్‌కు ఆస్టన్ పట్టీ (తెర అడుగున పేరు చూపే పట్టీ) వేసుకోవడానికి చోటు దొరుకుతుంది. ఆ పట్టీ నాలుగైదు సెకన్లు తెర మీద ఉండాలి, పేరు వినబడకముందే రాకూడదు.

ఇక సెట్ సంగతి. 2024 జనవరిలో వచ్చింది. రెండు ట్రాన్స్‌మిటర్లు (బట్టకు పెట్టుకునే, మైకున్న చిన్న డబ్బాలు), ఒక రిసీవర్ (వాటి మాటను అందుకుని కెమెరాకు ఇచ్చేది), మూడింటినీ పెట్టుకునే ఛార్జింగ్ డబ్బా ఉంటాయి. ట్రాన్స్‌మిటర్ బరువు 28 గ్రాములు. ఒక్కోటి ఒక ఛార్జింగ్‌కి 6 గంటల దాకా పనిచేస్తుంది, డబ్బాతో కలిపి 18 గంటలు. పరిచయం షూటింగ్ ఎంత సాగినా ఒక పూటే కాబట్టి బ్యాటరీ గురించి బెంగ అక్కర్లేదు. ఈ సెట్‌ను కొనడానికి అసలు కారణం వేరే ఉంది. ప్రతి ట్రాన్స్‌మిటర్‌లో 8 జీబీ మెమరీ ఉంది, 24-బిట్‌లో 14 గంటల ఆడియోను తనలోనే దాచుకుంటుంది. కావాలంటే 32-బిట్ ఫ్లోట్‌లో కూడా, అంటే గొంతు ఒక్కసారిగా పెరిగినా మాట చెడిపోని రికార్డింగ్ పద్ధతిలో. సిగ్నల్ తెగినా, కెమెరాలో లెవెల్ తప్పినా యాంకర్ గుండె మీదున్న ఆ చిన్న డబ్బాలో మాట భద్రంగా ఉంటుంది.

32-బిట్ ఫ్లోట్ మీద మాత్రం లేనిపోని ఆశ పెట్టుకోకూడదు. యాంకర్ ఉత్సాహంలో ఒక్కసారిగా గొంతు పెంచితే ఫైలు పగలదు, ఎడిటింగ్‌లో తగ్గించుకోవచ్చు. గాలి హోరు అలా కాదు, అది మాటతోపాటే రికార్డవుతుంది, ఏ బిట్టూ దాన్ని విడదీయదు. ఇంకోటి, ఈ ఫ్లోట్ ఫైలు ట్రాన్స్‌మిటర్ లోపలే ఉంటుంది. వైరు గుండా కెమెరాకు వెళ్లేది మామూలు ఆడియోనే. కాబట్టి షాట్ మొదలయ్యే ముందు రెండు ట్రాన్స్‌మిటర్ల మీదా రికార్డు బటన్ నొక్కి, ఎర్ర లైటు వెలిగిందో లేదో కళ్లతో చూసుకోవాలి. ఆ తర్వాత కెమెరా ముందు గట్టిగా ఒక చప్పట్లు కొట్టించాలి. లోపలి ఫైలును విజువల్‌తో కలపడానికి ఆ చప్పుడే ఆధారం.

గాలికి మందు బొచ్చు తొడుగు. సెట్‌తోపాటే వస్తుంది. దాన్ని మైక్ మీద పెట్టి కొంచెం తిప్పి గట్టిగా కూర్చోబెట్టాలి. ఏదో ఒక మూల లేచి ఉంటే గాలి అక్కడి నుంచే దూరుతుంది. కెమెరాలో చిన్నగా బొచ్చు కనబడుతుందని దర్శకులు తీసేయమంటారు, తీయకూడదు. బీచ్‌లో బొచ్చు లేకుండా తీసిన పరిచయం డబ్బింగ్‌కే వెళుతుంది. మిగిలిన హోరును ఎడిటింగ్‌లో లో-కట్‌తో (బొంగురు శబ్దాలను కోసేసే ఫిల్టర్‌తో) తగ్గించుకోవచ్చు. మగ గొంతుకు 80 హెర్ట్జ్ దగ్గర, ఆడ గొంతుకు 100 దగ్గర కోస్తే మాట పలచబడదు.

వేళ కూడా చూసుకోవాలి. విశాఖలో సూర్యుడు సముద్రం మీంచి వస్తాడు. తెల్లారగట్ల గాలి తక్కువ, బీచ్ రోడ్డు నడిచేవాళ్లకే వదిలేస్తారు కాబట్టి బళ్ల రొద ఉండదు. సౌండ్‌కు అదే మంచి ముహూర్తం. కానీ సముద్రాన్ని వెనకపెట్టి నిలబెడితే వెలుగంతా వీపు మీదే పడి మొహాలు నల్లబడతాయి. మధ్యాహ్నం మూడు దాటితే ఎండ ఊరివైపు నుంచి మొహాల మీద పడుతుంది, బొమ్మ బాగుంటుంది. అప్పటికి సముద్రపు గాలి పుంజుకుని ఉంటుంది. పొద్దున్నే తీసి, మొహాలకు ఎదురుగా తెల్ల థర్మోకోల్ షీటు పట్టడమే మా సలహా. షీటును ఎవరైనా పట్టుకోవచ్చు, గాలిని ఎవరూ పట్టుకోలేరు. నేవీ హెలికాప్టర్ వినబడితే మాత్రం షాట్ ఆపేయడమే, దాని మీద తొడుగూ పనిచేయదు, ఫిల్టరూ పనిచేయదు.

మైక్ ఎక్కడ పెట్టాలన్నదాని మీదే సగం ఫలితం ఉంది. గడ్డం కింద సుమారు 20 సెంటీమీటర్లు, ఛాతీ నడిమధ్య. దూరం రెట్టింపయితే మాట 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గాలి మాత్రం తగ్గదు. చొక్కా వేసుకున్నవాళ్లకు ఇది తేలిక. చీర దగ్గరికొచ్చేసరికి కష్టం మొదలవుతుంది. 28 గ్రాములు చిన్న బరువే అయినా పల్చటి పల్లూ అంచును కిందికి లాగుతుంది. భుజం దగ్గర గుచ్చితే యాంకర్ అటు తిరిగినప్పుడు మాట పెద్దదవుతుంది, ఇటు తిరిగినప్పుడు దూరమైపోతుంది. గంజి పెట్టిన నేత చీరా, జరీ పట్టూ ఊపిరి తీసుకున్నా గరగరమంటాయి. ఇలాంటప్పుడు ట్రాన్స్‌మిటర్‌ను వెనక నడుము దగ్గర దోపి, దాని 3.5 ఎంఎం రంధ్రంలో వైరున్న కాలర్ మైక్ పెట్టుకోవడం ఉత్తమం. కాలర్ మైక్‌ను జాకెట్టు అంచుకు పెట్టి, వైరును చిన్న చుట్టగా చుట్టి టేపుతో అంటించాలి. చీర కదిలినా ఆ లాగుడు మైక్ దాకా రాదు. టేపును అంటు బయటికి ఉండేలా ముక్కోణంగా మడిచి మైక్‌కు రెండువైపులా పెడితే బట్ట రాసుకోదు.

నగల సంగతి ఎవరూ ముందు ఆలోచించరు. నల్లపూసల బిళ్లగానీ, హారం పతకంగానీ సరిగ్గా మైక్ పెట్టే చోటే వేలాడుతుంది. యాంకర్ నమస్కారానికి చేతులెత్తగానే అది ఊగి మైక్‌కు తగిలి "టిక్" మంటుంది. ఆ వెంటనే గాజులు గలగలమంటాయి. వినడానికి చిన్న శబ్దమే, పడేది మాత్రం సరిగ్గా "నేను మీ" అన్న చోట. పతకం వెనక రెండువైపులా అంటుకునే టేపు ముక్క పెట్టి బట్టకు అతికించేస్తే సరిపోతుంది. మైక్‌ను బట్టకు పట్టి ఉంచే అయస్కాంతం బలమైనదే, పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు అది పెట్టకూడదు, క్లిప్పే వాడాలి. పెద్దవయసు వంటగత్తెలనో, వైద్యులనో అతిథులుగా పిలిచే షోలలో ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇద్దరు యాంకర్లు భుజం భుజం కలిపి నిలబడటం పరిచయాల్లో మామూలే. ఒకరి మాట రెండు మైకుల్లోనూ పడితే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు బోలుగా మారుతుంది. నోటికీ మైక్‌కూ 20 సెంటీమీటర్లుంటే, రెండు మైకుల మధ్య కనీసం 60 ఉండాలి. రిసీవర్‌ను స్టీరియోలో పెట్టుకుంటే ఒక యాంకర్ ఎడమ ఛానెల్‌లో, ఇంకొకరు కుడి ఛానెల్‌లో విడివిడిగా పడతారు. ఒకరు మాట్లాడుతున్నప్పుడు రెండోవాళ్ల మైక్‌ను ఎడిటర్ తగ్గించుకోవచ్చు. ఆ తర్వాత రెండింటినీ నడిమధ్యకు తేవడం మరిచిపోతే, టీవీలో ఒక యాంకర్ ఎడమ స్పీకర్‌లోంచే, ఇంకొకరు కుడి స్పీకర్‌లోంచే వినబడతారు. ప్రసారం దాకా వెళ్లిపోయే పొరపాట్లలో ఇది తరచుగా కనబడేది.

ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్ (మూడు పిన్నుల ఆడియో రంధ్రం) ఉన్న కెమెరాలు వాడేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవాలి. ఈ రిసీవర్‌లోంచి వచ్చేది 3.5 ఎంఎం స్టీరియో వైరు. దాన్ని బజారులో దొరికే ఏదో ఒక పిన్నుతో ఒకే ఎక్స్‌ఎల్‌ఆర్‌లోకి పెడితే, రిసీవర్ మోనోలో ఉన్నప్పుడు మాట దాదాపు మాయమైపోతుంది. ఎందుకంటే ఆ ఇన్‌పుట్ రెండు తీగల మధ్య తేడాను తీసుకుంటుంది, రెండింట్లోనూ వస్తున్నది ఒకటే మాట అయితే తేడా సున్నా. మైక్ పాడైందనుకుని ట్రాన్స్‌మిటర్లు మార్చి మార్చి చూస్తూ గంట పోగొట్టుకుంటారు. కావలసింది ఒక 3.5 స్టీరియో నుంచి రెండు ఎక్స్‌ఎల్‌ఆర్‌లుగా చీలే వైరు. కెమెరాలో 48 వోల్టుల ఫాంటమ్ (కెమెరా మైక్‌కు పంపే కరెంటు) ఆపేయాలి. ఆటో లెవెల్ కూడా ఆపేసి, కెమెరా గెయిన్ (ఆడియోను ఎంత పెంచాలన్న స్థాయి) బాగా తగ్గించి, రిసీవర్ గెయిన్‌తో సరిచేసుకుంటూ మాట శిఖరాలు మీటరులో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా పెట్టుకోవాలి. రిసీవర్‌కు హెడ్‌ఫోన్ రంధ్రం ఉంది, ఎవరో ఒకరు అది పెట్టుకుని వింటూ ఉండాల్సిందే.

దూరం విషయంలో కంపెనీ లెక్క 250 మీటర్లు, ఏ అడ్డూ లేని చోట. ఇది 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, వైఫై కూడా అక్కడే ఉంటుంది. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో, కురుసుర జలాంతర్గామి మ్యూజియం ముందు ఉండే జనంలో ఆ లెక్క నిలవదు. మనిషి ఒళ్లంతా నీరే కాబట్టి సిగ్నల్‌ను మింగేస్తుంది. యాంకర్ మాట్లాడుతూ సముద్రం వైపు తిరిగితే ట్రాన్స్‌మిటర్‌కీ రిసీవర్‌కీ మధ్య ఆమె ఒళ్లే అడ్డమవుతుంది. ఇద్దరూ దూరం నుంచి నడిచి వచ్చే షాట్ అయితే రిసీవర్‌ను స్టాండు మీద ఎత్తుగా పెట్టి, లోపలి రికార్డింగ్‌నే నమ్ముకోవాలి.

వంటింటి పరిచయం ఇంకో లోకం. ఎంవీపీ కాలనీ ఫ్లాటులో వంటిల్లంటే టైల్సు, గ్రానైటు, స్టీలు, మాట ప్రతి గోడకీ తగిలి మోగుతుంది. కెమెరాకు కనబడని వైపు రెండు దుప్పట్లు వేలాడదీస్తే మోత బాగా తగ్గుతుంది. చిమ్నీ, ఫ్యాను, ఫ్రిజ్ ఆపేయాలి. కారు తాళాలు ఫ్రిజ్‌లో పెట్టడం మంచి అలవాటు, వెళ్లేటప్పుడు దాన్ని మళ్లీ ఆన్ చేయడం మరిచిపోరు. ఈ సెట్‌లో రొదను తగ్గించే సదుపాయం ఉంది కానీ వంట దగ్గర దాన్ని వాడొద్దు. పోపులో ఆవాలు చిటపటలాడటాన్ని అది రొద అనుకుని తినేస్తుంది, గొంతు కూడా నీళ్లలోంచి వస్తున్నట్టు తడిసిపోతుంది. పోపు చప్పుడు వంట భాగానికి ప్రాణం. దాన్ని గన్ మైక్‌తో (ఎదురుగా ఉన్న శబ్దాన్నే ఎక్కువగా పట్టే పొడవాటి మైక్) విడిగా తీసుకుని, పేర్లు చెప్పే మాటలను స్టవ్ ఆపి ఈ సెట్‌తో తీసుకోవాలి. చేతివృత్తుల భాగం చూసే యాంకర్ చేతిలో ఏటికొప్పాక లక్కబొమ్మ, వంటల యాంకర్ చేతిలో మాడుగుల హల్వా ప్లేటు పెడితే ఎవరిది ఏ భాగమో మాట రాకముందే అర్థమవుతుంది. బొమ్మను ఛాతీ దాకా ఎత్తి చూపిస్తే మాత్రం అది మైక్‌కు అడ్డమొస్తుంది, నడుము ఎత్తులోనే పట్టుకోమనాలి.

లోపాలంటే మొదటిది, ఇద్దరికే. ముగ్గురు యాంకర్ల షోకు ఇది చాలదు. అలాంటివాళ్లు నాలుగు ట్రాన్స్‌మిటర్ల దాకా కలుపుకునే డీజేఐ మైక్ 3 చూసుకోవాలి. రెండోది, ట్రాన్స్‌మిటర్ ఎదురుగా గుచ్చితే తెల్ల చొక్కా మీద నల్ల డబ్బా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, కంపెనీ పేరుతో సహా. పల్చటి బట్టలకు 10 గ్రాముల మైక్ మినీ హాయిగా ఉంటుంది కానీ దానిలో లోపలి రికార్డింగ్ లేదు. బీచ్‌లో తీసే పరిచయానికి అది లేని సెట్‌ను మేం సిఫారసు చేయం. ఇద్దరు యాంకర్లతో, ఒకే కెమెరాతో షో నడిపే చిన్న ఛానెళ్లకూ, యూట్యూబ్ బృందాలకూ మైక్ 2 నిస్సంకోచంగా కొనదగ్గదే. కాలర్ మైకులు రెండు, చీలిక వైరు ఒకటి విడిగా కొనుక్కోవాలి, ఆ ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోండి.

షూటింగ్ అయ్యాక ఉప్పు సంగతి చూడాలి. సముద్రపు గాలిలోని ఉప్పు చెమ్మ ట్రాన్స్‌మిటర్ అడుగునున్న ఛార్జింగ్ పిన్నుల మీద పేరుకుని పచ్చగా చిలుము పడుతుంది. ఛార్జింగ్ అప్పుడప్పుడు ఎక్కకపోతే మొదట అక్కడే చూడాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో పిన్నులు తుడిచి, పూర్తిగా ఆరాకే డబ్బాలో పెట్టాలి. బొచ్చు తొడుగులను ఇసుక రాలేలా దులిపి, మంచినీళ్లలో జాడించి నీడన ఆరేయాలి. తడి తొడుగును మైక్‌కు తొడిగితే మాట మూసుకుపోతుంది. డబ్బా ఉంచే సంచిలో సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, వానాకాలంలో వాటిని తరచూ మారుస్తూ ఉండాలి.