ఓట్ రూటా, సిల్వ్రెట్టానా: మొదటిసారికి ఏది మేలు?

గుల్మార్గ్‌లోనో ఔలీలోనో స్కీయింగ్ నేర్చుకుని వచ్చిన మన అమలాపురం, భీమవరం వైపు వాళ్లు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. ఆల్ప్స్‌లో స్కీల మీదే కొండలు ఎక్కి దిగుతూ, రాత్రికి కొండ మీది బసల్లో (హట్‌లు) ఆగుతూ, హట్ నుంచి హట్‌కి మొదటిసారి వెళ్తే ఫ్రాన్స్‌లోని షమోనీ నుంచి స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ దాకా ఓట్ రూట్ చెయ్యాలా, ఆస్ట్రియా-స్విట్జర్లాండ్ సరిహద్దులో సిల్వ్రెట్టా చెయ్యాలా?

పేరూ అందమూ చూస్తే ఓట్ రూట్‌దే పైచేయి. ఆరేడు రోజులు నడిచి చివరికి మాటర్‌హార్న్ పాదాల దగ్గర నుంచి ఊళ్లోకి దిగుతారు. కానీ నా లెక్కలో తేల్చే విషయం వేరు. మబ్బు కమ్మి ముందున్న మనిషి కూడా కనబడని రోజున మీకు దిగే దారి ఉందా?

ఓట్ రూట్ చివరి రోజు చూడండి. సుమారు 3,160 మీటర్ల మీదున్న వినియెట్ హట్ నుంచి జెర్మాట్ దాదాపు 30 కిలోమీటర్లు. మధ్యలో ఎవెక్, మోం బ్రూలే, వల్పెలిన్ అని మూడు కనుమలు. ఎవెక్ దాటాక కూడా అరోలా ఊరి వైపు దిగిపోవచ్చు. మోం బ్రూలే దాటితే మాత్రం ఇటలీ వైపు హిమానీనదంలో ఉంటారు, గట్టెక్కాలంటే 3,554 మీటర్ల వల్పెలిన్ ఎక్కాల్సిందే. అందుకే మోం బ్రూలే కిందే ఆగి, ఆకాశం చూసి నిర్ణయించుకోవాలి. 2018 ఏప్రిల్ చివర్లో వినియెట్ హట్‌కి కొన్ని వందల మీటర్ల దూరంలోనే తుఫానులో చిక్కుకుని, రాత్రంతా బయటే ఉండిపోయిన 14 మందిలో ఏడుగురు చనిపోయారు. వెళ్లాల్సిన దారి (ట్రాక్) ముందే వేసుకున్న జీపీఎస్ విడిగా ఉండాలి. ఫోన్ బ్యాటరీ చలికి దిగిపోతుంది.

సిల్వ్రెట్టాలో గాల్ట్యూర్ నుంచి 2,165 మీటర్ల యామ్‌టాల్ హట్‌కి, మర్నాడు సుమారు 800 మీటర్లు ఎక్కి కనుమ దాటి వీస్‌బాడెనర్ హట్‌కి వెళ్తారు. అక్కడ రెండు రాత్రులు ఉంటే పిట్స్ బుయిన్ (3,312 మీటర్లు) ఎక్కవచ్చు. పైభాగం స్కీలు విప్పి క్రాంపాన్లతోనే (బూట్ల కింద కట్టుకునే లోహపు ముళ్లు). వాతావరణం చెడితే శిఖరం మానేస్తారు, టూర్ చెడదు. రెండు హట్‌ల నుంచీ లోయలోకి దారి ఉంది. కొత్త మంచు బాగా పడితే మాత్రం ఆ లోయలే ప్రమాదం: 1999 ఫిబ్రవరిలో గాల్ట్యూర్ ఊరి మీదే అవలాంచ్ (కొండ మీంచి జారిపడే మంచు) పడి 31 మంది పోయారు. అలాంటప్పుడు కదలకుండా హట్‌లోనే ఉండాలి.

సముద్రమట్టం నుంచి వెళ్లే మనకి మొదటి రాత్రి 2,165 మీటర్లంటే ఒళ్లు సర్దుకుంటుంది. స్విట్జర్లాండ్‌లోనే ఇంకో కొండప్రాంతం బెర్నీస్ ఓబర్లాండ్‌కి రైలు ఒక్కసారే 3,454 మీటర్లకి ఎక్కించేస్తుంది. మొదటిసారికి వద్దు.

డెల్టాలో కొండ లేదు కాబట్టి పదంతస్తుల మెట్లు 8 కిలోల సంచితో పాతికసార్లు ఎక్కితే సిల్వ్రెట్టాలో ఒక రోజు ఎత్తుకి దగ్గరవుతుంది; దిగడానికి లిఫ్ట్ వాడండి, మోకాళ్లు మిగులుతాయి. ఎక్కేటప్పుడు జారకుండా స్కీల అడుగున అంటించే పట్టీల (స్కిన్లు) గమ్ము తడికీ చలికీ పట్టు వదిలేస్తుంది, కనుమ మీద విప్పగానే జాకెట్ లోపల పెట్టుకోండి. హట్ బుక్ చేసేటప్పుడే శాకాహారమని రాయండి.