ఎఫ్-150 ఎఫ్ఎక్స్4 ఏళ్ళ తరబడి వాడాక: మోడ్ నాబ్ కన్నా ముందు టైర్లో గాలి చూడండి

మేం ఉండేది అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో. బండి 2021 ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు, లారియట్ రకం, నాలుగు తలుపుల సూపర్‌క్రూ, 3.5 లీటర్ల ఎకోబూస్ట్ టర్బో ఇంజన్, ఎఫ్ఎక్స్4 అనే ఆఫ్‌రోడ్ (మట్టి, రాళ్ళ దారుల) ప్యాకేజీతో తీసుకున్నాం. 36 వేల మైళ్ళ వారంటీ ఎప్పుడో దాటిపోయింది, ఎండ, దుమ్ము, ఫ్లాగ్‌స్టాఫ్ మంచు అన్నీ చూసేసింది. ఇక్కడ మనవాళ్ళు ఈమధ్య మినీవ్యాన్ బదులు ట్రక్ వైపు చూస్తున్నారు, అందరూ అడిగేది 400 హార్స్‌పవర్ గురించి, మైలేజీ గురించే. అవన్నీ యూట్యూబ్‌లో బోలెడు ఉన్నాయి. నేను చెప్పాలనుకున్నది వేరే, ఈ బండిలో సౌకర్యం కోసం పెట్టిన సెట్టింగులు, ఆఫ్‌రోడ్ బటన్లు, టైర్ ప్రెషర్ స్క్రీన్, ఈ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి, కొన్నాక ఒక మధ్యాహ్నం గ్యారేజీలో కూర్చుని మెనూ మొత్తం తిప్పి చూసుకుంటే తర్వాత చాలా తలనొప్పులు తప్పుతాయి.

ముందు ఎండ సంగతి. 2023లో జూన్ ఆఖరు నుంచి ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆపైనే ఉంది, అలాంటి ఊళ్ళో రిమోట్ స్టార్ట్ (ఎక్కకముందే దూరం నుంచి ఇంజన్, ఏసీ ఆన్ చేయడం) అనేది విలాసం కాదండి, అవసరం. అయితే సెట్టింగ్స్‌లో క్లైమేట్ "ఆటో" అని ఉందా "లాస్ట్ సెట్టింగ్స్" అని ఉందా చూసుకోండి, ఎంతసేపు ఆన్‌లో ఉండాలో కూడా 5, 10, 15 నిమిషాల్లో ఏదో ఒకటి మనమే పెట్టుకోవచ్చు. ఆటో, 15 పెట్టి వదిలేయండి. ఇంకోటి, కీ ఫోబ్‌లో అన్‌లాక్ బటన్ నొక్కి పట్టుకుంటే అద్దాలన్నీ కిందికి దిగుతాయి, దీనికీ మెనూలో పర్మిషన్ ఉంటుంది. పార్కింగ్ లాట్‌లో దూరం నుంచే అద్దాలు దించేస్తే లోపలి సెగ పోతుంది, మనం వెళ్ళేసరికి స్టీరింగ్ ముట్టుకునేలా ఉంటుంది. కాకపోతే జేబులో ఫోబ్ నొక్కుకుపోయే అలవాటున్నవాళ్ళు ఇది ఆపేసుకోవడమే మంచిది, వర్షాకాలంలో ఇక్కడ హబూబ్ అని దుమ్ము గోడలాగా వస్తుంది, అద్దాలు దిగి ఉన్నాయంటే సీట్ల సందుల్లోంచి ఆ మట్టి ఏడాదైనా పోదు.

పవర్ రన్నింగ్ బోర్డులు మా ఇంట్లో అందరికీ ఇష్టమైన ఫీచర్. తలుపు తీయగానే మెట్టు బయటికొస్తుంది, తలుపేసిన రెండు క్షణాలకి లోపలికి పోతుంది. విజయవాడ నుంచి అమ్మా నాన్న వచ్చినప్పుడు అమ్మ చీరతో ఈ బండెలా ఎక్కుతుందా అని చాలా ఆలోచించా, ఆ మెట్టు చూసి ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కేసింది. కానీ ఇదే మెట్టు ట్రైల్ (అడవి, కొండల్లో మట్టి దారి) మీద ప్రమాదం. బండి పక్కనే రాయుంది, కిందికి దిగి దారి చూద్దామని తలుపు తీస్తాం, మెట్టు నేరుగా వెళ్ళి రాయికి కొట్టుకుంటుంది. బురద పట్టి ఎండితే మోటారు మూలుగుతుంది కూడా. అందుకే తారు రోడ్డు దిగేముందే మెనూలో రన్నింగ్ బోర్డ్స్ ఆఫ్ చేసేస్తా, అప్పుడు తలుపు తీసినా లోపలే ఉంటాయి. తిరిగొచ్చాక బ్రష్‌తో జాయింట్లు కడిగి మళ్ళీ ఆటోలో పెడతా.

మైకీ అని ఇంకో ఫీచర్ ఉంది, పిల్లలకిచ్చే తాళానికి టాప్ స్పీడ్, పాటల వాల్యూమ్ లాంటివి కట్టడి చేయొచ్చు. మావాడు డ్రైవింగ్ నేర్చుకుంటున్నప్పటి నుంచీ వాడుతున్నాం, టీనేజ్ పిల్లలున్న ప్రతి ఇంట్లో ఉండాల్సిన సెట్టింగ్. దీన్లో ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు జారి ఊరికే తిరగకుండా ఆపేది) ఎప్పుడూ ఆన్‌లోనే ఉండేలా పెట్టే ఆప్షన్ కూడా ఉంది, పెట్టండి, తప్పకుండా పెట్టండి, కానీ ఇసుకలోకి వెళ్ళే రోజు మాత్రం ఆ తాళంతో బయల్దేరొద్దు. ఇసుకలో ట్రాక్షన్ ఆపాల్సి వస్తే ఆ తాళంతో ఆగదు మరి. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ దానంతటదే ఆగి మళ్ళీ స్టార్టయ్యే ఆటో స్టార్ట్-స్టాప్‌కి మాత్రం మెనూలో శాశ్వతంగా ఆపే దారి లేదు, బండి తీసిన ప్రతిసారీ బటన్ నొక్కుకోవడమే.

ఇక ఆఫ్‌రోడ్. ఎఫ్ఎక్స్4 అంటే స్టిక్కర్ ఒక్కటే కాదు, కింద రాళ్ళ దెబ్బ కాచే స్కిడ్ ప్లేట్లు, వెనక రెండు చక్రాలూ కలిసి తిరిగేలా యాక్సిల్‌కి ఎలక్ట్రానిక్ లాకర్, ఆఫ్‌రోడ్ షాక్స్, వాలులో బండిని మెల్లిగా దింపే హిల్ డిసెంట్ కంట్రోల్ వస్తాయి. టూ హై (వెనక రెండు చక్రాలకే శక్తి) నుంచి ఫోర్ హై (నాలుగు చక్రాలకీ శక్తి)కి నడుస్తుండగానే మార్చుకోవచ్చు, "ఫోర్ లో" (నాలుగు చక్రాలకీ తక్కువ స్పీడు, ఎక్కువ బలం) వేయాలంటే మాత్రం బండి ఆపి న్యూట్రల్ వేసి నాబ్ తిప్పాలి. ఎక్కకపోతే కంగారుపడి మళ్ళీ మళ్ళీ తిప్పొద్దు, గేర్ల పళ్ళు కుదరడానికి బండి కొంచెం కదలాలి, మెల్లిగా ఒక అడుగు దొర్లనిస్తే టక్కుమని పడుతుంది. ఎండు తారు రోడ్డు మీద ఫోర్ హై పెట్టి మలుపులు తిప్పొద్దు, ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేరే వేరే దూరాలు తిరగాల్సిన చోట రెంటినీ కట్టేసినట్టవుతుంది, స్టీరింగ్ బిగుసుకుని బండి గెంతుతుంది, ఆ దెబ్బంతా ముందుకీ వెనక్కీ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకే.

హిల్ డిసెంట్ సెడోనా దగ్గర ష్నెబ్లీ హిల్ రోడ్డు మీద బాగా పనికొచ్చింది. ఐ-17 హైవే వైపు నుంచి సెడోనాకి దిగే దారి అది, పైన సాఫీగానే ఉంటుంది, కిందికొచ్చేకొద్దీ ఎర్ర రాతి మెట్లే. కాలు బ్రేకు మీంచి తీసి స్టీరింగ్ మాత్రం చూసుకుంటే చాలు, ఒక్కో చక్రానికి అదే విడివిడిగా బ్రేకు వేసుకుంటూ దింపుతుంది. కింద నుంచి గరగరమని చప్పుడొస్తుంది, అది మామూలే, మొదటిసారి విన్నవాళ్ళు భయపడతారు. ఎక్కువసేపు వాడితే బ్రేకులు చల్లారడానికి సిస్టమే కాసేపు పక్కకి తప్పుకుంటుంది, కాబట్టి పొడుగు దిగుడు ఉంటే "ఫోర్ లో", తక్కువ గేరు పెట్టి ఇంజన్‌తోనే దిగండి, హిల్ డిసెంట్ని తోడుగా ఉంచుకోండి అంతే. ఇంకో మాట, ఈ బండి వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 145 అంగుళాలు, అద్దాలు కాక వెడల్పే 80 అంగుళాల దాకా ఉంది. మధ్యలో బండి పొట్ట నేలకి తగులుతుంది, ఇరుకు దారిలో మెస్కీట్ ముళ్ళకంప రెండు పక్కలా గీకుతుంది. జీప్ వాళ్ళు పోయిన ప్రతి చోటికీ ఇది పోదు, పోనక్కర్లేదు కూడా, దిగి నడిచి చూసి వెనక్కి తిప్పుకోవడంలో తప్పేం లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర సిండర్ హిల్స్ అని ఓహెచ్‌వీ (ఆఫ్‌రోడ్ బండ్లు నడుపుకునే) ఏరియా ఉంది, కోకోనినో నేషనల్ ఫారెస్ట్‌లోది, 13,500 ఎకరాలు, అంతా పాత అగ్నిపర్వతాల నల్ల బూడిద రాళ్ళు, కాలు పెడితే మడమ దాకా దిగిపోతుంది. నాబ్ తిప్పి నేలకి తగ్గట్టు పెట్టుకునే మోడ్లు ఎంత పనిచేస్తాయో చూద్దామని అక్కడ కావాలనే ఒకే వాలు మీద రెండు రకాలుగా ఎక్కించి చూశా. టైర్లలో గాలి 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండగా డీప్ స్నో/శాండ్ మోడ్ పెట్టి, ఫోర్ హైలో, ట్రాక్షన్ ఆపి ఎక్కిస్తే సగం దాకా వెళ్ళింది, వెనక చక్రాలు గుంట తవ్వుకుని కూర్చున్నాయి, ఇంజన్‌కి బోలెడు శక్తి ఉంది కానీ అదంతా రాళ్ళు వెనక్కి ఎగజిమ్మడానికే పోయింది. వెనక్కి దింపి నాలుగు టైర్లలోనూ గాలి 18 దాకా తీశా. అదే మోడ్, అదే వాలు. యాక్సిలరేటర్ మీద కాలు పెద్దగా నొక్కకుండానే పైకొచ్చేసింది. దిగి జాడ చూస్తే తేడా తెలిసిపోయింది, మొదటిసారి పడింది లోతైన రెండు కాలవలు, రెండోసారిది పైపైన టైర్ బ్లాకుల అచ్చు అంతే. గాలి తీస్తే టైర్ నేలని తాకే భాగం ముందుకీ వెనక్కీ పొడుగవుతుంది, బరువు పరుచుకుంటుంది. ఏ నాబూ ఇంత పని చేయలేదు.

నా బండికి సరిపోయిన లెక్కలు ఇవి, ప్యాసింజర్ రకం టైర్ల మీద. గతుకుల మట్టి రోడ్డుకి 26 దాకా, రాళ్ళ దారికి 24 దగ్గర, ఇసుక అయితే 18 నుంచి 20. 15 కంటే కిందికి మాత్రం పోవద్దు, మలుపులో టైర్ అంచు రిమ్ము మీంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది. గాలి తక్కువున్నప్పుడు టైర్ పక్కగోడ బయటికి ఉబ్బుతుంది కాబట్టి పదునైన రాళ్ళకి దగ్గరగా పోకండి, స్పీడూ తగ్గించండి, తారు రోడ్డు ఎక్కేముందు తప్పకుండా గాలి కొట్టుకోండి. చిన్న కంప్రెసర్ కొంటే లైటర్ సాకెట్‌కి పెట్టేది కాకుండా బ్యాటరీకి క్లిప్పులు పెట్టేది కొనండి, ఇంత పెద్ద టైర్లకి సాకెట్ ఫ్యూజు ఆగదు.

టైర్ ప్రెషర్ మానిటర్ గురించి కొంచెం వివరంగా రాస్తా, ఎందుకంటే దీన్ని అందరూ పసుపు లైటు అనుకునే వదిలేస్తున్నారు. 2000లో ఫైర్‌స్టోన్ టైర్ల రీకాల్ తర్వాత అమెరికాలో ట్రెడ్ యాక్ట్ అనే చట్టం వచ్చింది, 2007 సెప్టెంబర్ నుంచి తయారయ్యే కొత్త కార్లు, లైట్ ట్రక్కులన్నింటికీ ఈ మానిటర్ తప్పనిసరి అయింది. రూలు ప్రకారం డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీదున్న ప్రెషర్‌కి 25 శాతం తగ్గితే లైటు వెలగాలి. 35కి లెక్కేస్తే 26 దగ్గర. అంటే 30 ఉన్నా లైటు రాదు! ఫ్యామిలీతో, లగేజీతో, 110 డిగ్రీల ఎండలో ఐ-17 ఎక్కి 75 మైళ్ళ స్పీడ్‌లో పోతుంటే 30 అంటే టైరు వేడెక్కడానికి చాలు. లైటు వచ్చేదాకా ఆగకండి, నంబర్లు చూడండి. పొద్దున్నే బండి తీయకముందు చల్లగా ఉన్నప్పుడు గేజ్‌తో చూసిందే లెక్క. మధ్యాహ్నం 40 చూపిస్తోందని గాలి తీసేయకండి, అది వేడికి పెరిగింది, చల్లారితే మళ్ళీ తగ్గిపోతుంది.

ట్రైల్ మీద గాలి తీశాక లైటు రోజంతా వెలుగుతూనే ఉంటుంది, మెసేజ్‌కి ఓకే నొక్కితే పోతుంది కానీ లైటు పోదు. చిరాగ్గా ఉంటుంది నిజమే. పైగా అప్పుడు నిజంగా పంచరైనా కొత్తగా వెలగడానికి లైటు లేదు కదా! అందుకే స్క్రీన్‌లో నాలుగు టైర్ల నంబర్లూ కనిపించే పేజీ పెట్టుకుని నడపాలి. ఎంత ఉందన్నది కాదు, నాలుగింట్లో ఏది వేరేగా ఉందన్నదే చూడాలి. మూడు 24 చూపించి ఒకటి 21 చూపిస్తే ఆగి చూడండి, చాలాసార్లు ముల్లో మేకో దొరుకుతుంది, ప్లగ్ కిట్ ఉంటే అక్కడే పని అయిపోతుంది. మెల్లిగా పాకుతున్నప్పుడు నంబర్ వెంటనే మారదు, అదొకటి గుర్తుంచుకోండి, కళ్ళతో చూడటం మానొద్దు. స్టెపినీ ఈ నాలుగింట్లో లేదు, దాని గాలి మనమే నెలకోసారి కింద పడుకుని చూసుకోవాలి.

ఒకసారి టైర్లు రొటేట్ (ముందువి వెనక్కి, వెనకవి ముందుకి) చేయించా, షాపు పేరు వద్దులెండి, చక్రాలు మార్చారు కానీ సెన్సార్లకి కొత్త స్థానం నేర్పలేదు. తర్వాత ఒకరోజు స్క్రీన్‌లో ముందు ఎడమది తగ్గుతోంది, దిగి చూస్తే దానికేం లేదు, గేజ్ పెడితే నిండుగా ఉంది, గాలి పోతున్నది వెనకది. రొటేషన్ చేయించినప్పుడల్లా రీలెర్న్ చేశారా అని అడగండి. సెన్సార్ టూల్ చౌకగానే దొరుకుతుంది, ముందు ఎడమ, ముందు కుడి, వెనక కుడి, వెనక ఎడమ, ఈ వరసలో వాల్వ్ దగ్గర పెడితే ఒక్కోదానికి హారన్ కొట్టి ఓకే చెబుతుంది. మేం ఇంటి డ్రైవ్‌వేలోనే చేసుకుంటున్నాం.

ఫీనిక్స్ నుంచి ఫ్లాగ్‌స్టాఫ్ చలికాలంలో వెళ్ళేవాళ్ళకి ఇంకో సంగతి. ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ చల్లబడితే సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది, ఇక్కడ 70, అక్కడ పొద్దున 20 ఉంటే 5 పోయినట్టే. మరోవైపు మనం 1,100 అడుగుల నుంచి 7,000 అడుగులకి ఎక్కుతాం, అక్కడ బయటి గాలి పలచన, గేజ్ చూపించేది లోపలికీ బయటికీ ఉన్న తేడా కాబట్టి దాదాపు 3 ఎక్కువ చూపిస్తుంది. రెండూ కలిపి పెద్దగా తగ్గినట్టు కనిపించదు, కిందికి దిగొచ్చాక పొద్దున మళ్ళీ గేజ్ పెట్టి చూసుకోవాలి.

వాగుల విషయంలో మాత్రం ఏ ఫీచర్‌నీ నమ్మకండి. ఎండిన వాష్‌లో (ఎడారి వాగులో) ఇసుక మీద నడపడం హాయిగా ఉంటుంది కానీ వర్షాకాలంలో ఎక్కడో కొండల మీద కురిసిన వానకి ఇక్కడ నీళ్ళొచ్చేస్తాయి. అరిజోనాలో బారికేడ్ దాటి నీళ్ళలోకి వెళ్ళి ఇరుక్కుంటే రెస్క్యూ ఖర్చు మననుంచే వసూలు చేసే చట్టం కూడా ఉంది. "ఫోర్ లో" ఉంది, లాకర్ ఉంది అని దిగొద్దు, పిల్లలు వెనక సీట్లో ఉంటారు.

క్యాంపింగ్ వెళ్ళేవాళ్ళకి బండి నుంచే కరెంటిచ్చే ప్రో పవర్ ఆన్‌బోర్డ్ 2 కిలోవాట్ల ఆప్షన్ గట్టిగా చెప్తా, వెనక బెడ్‌లో ప్లగ్గులుంటాయి, మామూలు 400 వాట్ల ప్లగ్‌కి రైస్ కుక్కర్ తట్టుకోదు, దీనికి దర్జాగా పెట్టుకోవచ్చు. పైన్ చెట్ల కింద వేడన్నం, ఆవకాయ, నెయ్యి, చుట్టూ బండి బయటి లైట్ల వెలుగు (జోన్ లైటింగ్), పిల్లలు ఇంకేమీ అడగరు.

టైర్లు అరిగాయి, ఈసారి పది ప్లై ఎల్‌టీ (లైట్ ట్రక్) టైర్లు వేయిద్దామనుకుంటున్నా, పక్కగోడలు గట్టిగా ఉంటాయని. వాటికి అదే బరువు మోయడానికి స్టిక్కర్ మీదున్న 35 చాలదు, ఎక్కువ కొట్టాలి, టైర్ల షాపులో లోడ్ టేబుల్ (ఎంత బరువుకి ఎంత గాలి అనే పట్టిక) చూపించమని అడిగి నంబర్ రాయించుకోండి. సెన్సార్ల లోపల బ్యాటరీ అయిదు నుంచి పదేళ్ళు వస్తుంది, దాన్ని మార్చడం కుదరదు, సెన్సారే మార్చాలి. లైటు ఓ నిమిషం పాటు మిణుకుమిణుకుమని తర్వాత నిలకడగా వెలిగితే గాలి తగ్గినట్టు కాదు, సెన్సార్ దగ్గర ఏదో తేడా వచ్చినట్టు. మావి ఇంకా పనిచేస్తున్నాయి, అయినా టైర్లు ఎలాగూ రిమ్ము నుంచి తీస్తారు కాబట్టి నాలుగూ అప్పుడే మార్పించేస్తా, రెండుసార్లు లేబర్ కట్టే పని ఉండదు.