రాత్రి పదింటికి పాత పాటలు: అనౌన్సర్ మేలా, ఆర్జే మేలా, డబ్బా రేడియో మేలా?

మాది కొత్తపేటలో మెడికల్ షాపు. రాత్రి పదకొండున్నర దాకా తెరిచే ఉంచుతాం, తొమ్మిదిన్నర దాటాక బేరాలు పల్చబడతాయి కాబట్టి కౌంటర్ మీద రేడియో పెట్టుకుంటా. మందుల చీటీ ఇచ్చినవాళ్లు నేను షీటులోంచి బిళ్లలు కత్తిరిస్తున్నంతసేపూ పాట వింటారు, డబ్బులిచ్చి వెళ్తూ వెళ్తూ అందరూ అదే అడుగుతారు. "అన్నా ఇది ఏ స్టేషను? మా అమ్మకి రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు, పాత పాటలు వినడానికి ఏం కొనమంటావ్?" ఈ నెలలోనే ఆరేడుగురు అడిగారు. షట్టర్ దించే టైంలో ఒక్కొక్కరికీ పావుగంట చెప్పేకంటే ఒకసారి రాసి పెట్టుకుంటే ఎవరడిగినా ఫోన్‌లో పంపేయొచ్చని ఇది రాస్తున్నా.

నిజానికి ఏది కొనాలన్నది తర్వాతి సంగతి. రాత్రిపూట మీకు పాట ఎవరు వెయ్యాలి అన్నదే అసలు ప్రశ్న. ఆకాశవాణి వాళ్ల సినిమా పాటల స్టేషన్ వివిధ భారతి అనౌన్సరా, ప్రైవేట్ ఎఫ్ఎం ఆర్జేనా, కారవాన్ లాంటి పాటలు నింపిన డబ్బానా, ఫోన్‌లో ప్లేలిస్టా. నేను నాలుగూ వాడి చూశాను, నా మొగ్గు ఎటో దాచను, ఎలాగూ నాలుగు లైన్లు చదివితే మీకే తెలిసిపోతుంది.

ముందు ఆర్జేల గురించి న్యాయంగా మాట్లాడాలి. బీపీ బిళ్లలకి ఒక క్యాబ్ డ్రైవర్ వస్తాడు, మా రేడియో విని "సార్ ఇది పెట్టుకుంటే నేను శంషాబాద్ చేరను, దార్లోనే పడుకుంటా" అన్నాడు. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. స్టీరింగ్ ముందు కూర్చున్నవాడికి పక్కన ఎవరో వాగుతూ ఉండాలి, ఫోన్ చేసినవాళ్లని ఏడిపించాలి, మధ్యలో జోకు పడాలి. ఆ పని ఆర్జే చేసినంత బాగా వివిధ భారతి చెయ్యదు, చెయ్యాలనీ అనుకోదు. నైట్ డ్యూటీ వాళ్లు, డ్రైవర్లు, రాత్రంతా చదువుకునే పిల్లలు ఇంక ఇది చదవక్కర్లేదు, మీకు ఆర్జేనే మేలు.

కానీ పాట కోసమే రేడియో పెట్టేవాళ్లకి ఒక్క పరీక్ష చాలు. పాట మొదలయ్యాక, గాయకుడు పల్లవి ఎత్తేలోపు, ఆ మనిషి నోరు మూసుకుని ఉన్నాడా లేదా?

పాట మీద మాట్లాడే ఈ అలవాటు ఎక్కడ్నించి వచ్చిందో చూస్తే తప్పు పూర్తిగా మన ఆర్జేలది కాదనిపిస్తుంది. అమెరికాలో డిస్క్ జాకీలకి అదొక విద్య. రికార్డు తిరగడం మొదలవగానే మైకులో మాటలు మొదలుపెట్టి సింగర్ గొంతు విప్పే క్షణానికి సరిగ్గా ఆపెయ్యాలి, ఒక్క సెకను అటూ ఇటూ అయినా పరువు పోయినట్టే. అక్కడి పాప్ పాటల్లో చాలావాటికి ముందు మ్యూజిక్ పది పదిహేను సెకన్లే, రేడియో స్టేషన్లకి పంపే 45 ఆర్పీఎం రికార్డుల లేబుల్ మీద ఆ సెకన్లు ఎన్నో అచ్చు వేసి ఇచ్చిన కంపెనీలు కూడా ఉండేవి, అంటే మాట్లాడుకోవడానికి వాళ్లే చోటు కొలిచి ఇచ్చారన్నమాట. వుల్ఫ్‌మన్ జాక్ అని ఒకాయన 60ల్లో మెక్సికో సరిహద్దు స్టేషన్ నుంచి రాత్రిళ్లు తోడేలులా ఊళ వేస్తూ పాటలు వేస్తుంటే ఆ ఊళ వినడానికే జనం మేలుకునేవాళ్లు. అక్కడ అది చెల్లింది.

మన పాట కట్టుబడే వేరు. సాలూరి రాజేశ్వరరావు గారో పెండ్యాల గారో వీణతోనో సితార్‌తోనో మొదటి బిట్ కట్టారంటే అది పల్లవికి గుమ్మం లాంటిది, రాగం అక్కడే చెప్పేస్తారు, మనసు అక్కడే సర్దుకుంటుంది. ఆ గుమ్మంలో అడ్డంగా నిలబడి "హలో హైదరాబాద్, ఈ రాత్రి మీ మిస్సింగ్ సాంగ్ ఏంటి" అంటే లోపలికి ఎలా పోతాం చెప్పండి. ఒకసారి ఓ ఎఫ్ఎంలో సుశీలమ్మ పాటకి ఒకాయన పల్లవి మొదటి మాట మీద కూడా నవ్వుతూనే ఉన్నాడు. పేర్లెందుకులెండి. ఆ రోజు షాపులో ఉన్న ఒక పెద్దావిడ "వాణ్ణి ఆపు నాయనా" అంది, నేను రేడియోనే ఆపేశా.

రెండోది, చివరి చరణం. ప్రైవేట్ ఎఫ్ఎం బతికేదే యాడ్స్ మీద కాబట్టి గంటలో ఇన్ని పాటలు ఇన్ని యాడ్స్ అని లెక్క ఉంటుంది, లెక్క తప్పితే ముందు తెగేది పాట తోకే. ఇక్కడ ఒక సంగతి, కొన్ని పాటలకి చివరి చరణం రికార్డులోనే ఉండదు. 78 ఆర్పీఎం ప్లేటుకి ఒక వైపు మూడు మూడున్నర నిమిషాలే పట్టేది, అందుకే సినిమాలో ఉన్న చరణం రికార్డులో లేని పాటలు బోలెడు. అది ఎవర్నీ అనలేం. ఉన్నదాన్ని తెంపడం గురించే నా గొడవ.

ఇంక అనౌన్సర్ సంగతి. వివిధ భారతి 1957 అక్టోబర్ 3న ఎందుకు పుట్టిందో పాత శ్రోతలకి తెలిసిందే, కేస్కర్ గారు సమాచార ప్రసార మంత్రిగా ఉండి ఆకాశవాణిలో సినిమా పాటల గొంతు నొక్కేస్తే జనమంతా శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్‌కి తిప్పుకున్నారు, వాళ్లని వెనక్కి తెచ్చుకోవడానికి పెట్టిన స్టేషను ఇది. మా నాన్న లాంటి వాళ్లు మాత్రం వెనక్కి రాలేదు, సిలోన్ అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు వినడానికి షార్ట్ వేవ్ మీద ముల్లు తిప్పుతూ కూర్చునేవాడు, గరగరలో సగం పాట పోయినా సరే. ఆ పోటీలో పుట్టింది కాబట్టేమో సినిమా పాటని ఎలా మర్యాదగా వెయ్యాలో ఈ స్టేషన్ బాగా నేర్చుకుంది అనిపిస్తుంది నాకు.

రాత్రి పదింటికి వచ్చే ఛాయాగీత్ వినండి తెలుస్తుంది. ఒకే అనౌన్సర్, తనకి నచ్చిన ఒక భావం పట్టుకుని పాటలు ఏరి తెచ్చుకుంటారు, వాన అనుకుంటే వాన, ఎడబాటు అనుకుంటే ఎడబాటు. యూనుస్ ఖాన్, కమల్ శర్మ లాంటి గొంతులు చేసిన కార్యక్రమం అది. రెండు మూడు వాక్యాలు చెప్పి తప్పుకుంటారు, పాట అయిపోయాక ఒక్క క్షణం ఆగి అప్పుడు మళ్లీ మాట్లాడతారు. ఆ ఒక్క క్షణం ఖాళీ ఉంది చూశారూ, అది ఏ యాప్‌లోనూ దొరకదు. పదిన్నరకి శ్రోతలు కోరిన పాటలు వేసే ఆప్‌కీ ఫర్మాయిష్ మొదలైతే మాత్రం ఊర్ల పేర్లు, మనుషుల పేర్లు చాంతాడంత చదువుతారు, ఝుమ్రీ తలయ్యా అనే ఊరు దేశమంతా తెలిసింది ఇలాంటి ఫర్మాయిష్ ఉత్తరాల వల్లే. నాకది సరదానే, మా ఆవిడకి విసుగు.

అనౌన్సర్ వైపు నన్ను లాగేసిన ఇంకో సంగతి పేర్లు చెప్పడం. చిత్రం ఇది, సంగీతం వీరు, రచన వీరు, పాడినది వీరు. మామూలుగా చదివేస్తారు గానీ దాని విలువ ప్లేలిస్ట్ వాడినప్పుడు తెలుస్తుంది. 'మనసున మనసై' ఎవరు రాశారని షాపులో అడిగితే పదిలో ఎనిమిది మంది ఆత్రేయ అంటారు, మనసు అన్న మాట ఉంది కదా మనసుకవి అయ్యుంటాడని. రాసింది శ్రీశ్రీ, 1964లో డాక్టర్ చక్రవర్తికి. అలాగే 'కారులో షికారుకెళ్లే' శ్రీశ్రీదే అనుకుంటారు, అది ఆత్రేయది. యాప్‌లో హీరో పేరు ఉంటుంది, సింగర్ పేరు ఉంటుంది, రాసినవాడి పేరు చాలాసార్లు ఉండదు, ఉన్నా తప్పుండొచ్చు. రోజూ అనౌన్సర్ నోట వింటే ఆ లెక్కలు వాటంతటవే సరిపడతాయి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. నిద్రమొహంతో చదివినట్టుండే అనౌన్సర్లు ఉంటారు, ఛాయాగీత్ హిందీలో ఉంటుంది కాబట్టి అమ్మకి తెలుగు మాత్రమే వస్తే ఆ అరగంట పాట అందుతుంది గానీ మాట అందదు. హైదరాబాద్‌లో 102.8 పెట్టి తెలుగు పాటలు వచ్చే టైములు చూసుకోవాలి. మంచి పాట మీద ఉండగా వార్తల టైం అయిందంటే మాత్రం నేనూ తిట్టుకుంటా.

కారవాన్ సంగతి. 2017లో వచ్చింది, వేల పాటలు నింపి ఇస్తారు, పెద్దవాళ్లకి గుండ్రటి మీట తిప్పడం సులువు, ఘంటసాల కావాలంటే ఘంటసాల. ఒకటే గుర్తుపెట్టుకోండి, అది సారెగమా వాళ్లది కాబట్టి ముందే నింపిన పాటలు వాళ్ల హక్కులున్నవే. పాత హెచ్ఎంవీ రికార్డులన్నీ వాళ్లవే గనక 50లు 60ల తెలుగు పాటకి లోటుండదు, తర్వాత వేరే కంపెనీలు రికార్డు చేసిన పాటలు అందులో వెతుక్కోవద్దు. గిఫ్ట్ ఇవ్వడానికి బాగుంటుంది. కానీ వారం పోయాక మీట ఎక్కడ ఉందో అక్కడే ఉంటుంది, అమ్మ అదే గాయకుణ్ణి వింటుంది, మన ఇష్టానికి వదిలేస్తే మనం తెలిసిన పాటే వేసుకుంటాం కదా. మర్చిపోయిన పాట గుర్తు చెయ్యాలంటే అవతల ఒక మనిషి ఉండాలి.

ప్లేలిస్ట్ గురించి ఏముంది, డబ్బు కట్టకపోతే జోల పాటకీ జోల పాటకీ మధ్య లోన్ యాప్ యాడ్ అరుస్తుంది. అంతే.

ఇంక కొనే సంగతికొస్తే, బాక్సు మీద పది ఫీచర్లున్నది కాకుండా ముల్లు తిప్పేది, వాల్యూమ్‌కి వేరే మీట ఉన్నది, సెల్లు వేసుకునే మామూలు ఎఫ్ఎం రేడియో చాలు. పెద్దవాళ్ల చేతికి చిన్న బటన్లు పనికిరావు, చీకట్లో తడిమినా దొరకాలి. దూరదేశాల్లో ఉన్నవాళ్లు న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ పెట్టుకోండి, వివిధ భారతి లైవ్ అందులో వస్తుంది. న్యూజెర్సీలో మా బావకి అదే చెప్పా. మన రాత్రి పది అంటే వాళ్ల గడియారం మారినప్పుడల్లా పదకొండున్నరో పన్నెండున్నరో అవుతుంది, పట్టపగలు ఆఫీసు క్యాంటీన్‌లో పప్పన్నం డబ్బా తెరుచుకుని ఛాయాగీత్ వింటున్నాడట, తిన్నాక మీటింగ్‌లో నిద్రొస్తోందని నన్నే తిడుతున్నాడు.