పది క్యాంపస్‌ల యూనివర్సిటీ: అందరికీ ఒకటే సాఫ్ట్‌వేరా, ఎవరిది వాళ్లకేనా? ఏది మేలు?

ఒక యూనివర్సిటీకి నాలుగైదు క్యాంపస్‌లు దాటితే ఈ గొడవ తప్పదు. జీతాలు, ఖాతాలు, విద్యార్థుల రికార్డులు చూసే పాత సాఫ్ట్‌వేర్ మూలన పడేసే రోజు వస్తుంది. కొత్తది అందరికీ కలిపి ఒకటే కొనాలని హెడ్డాఫీసు అంటుంది. మా పద్ధతులు వేరు, మాది మాకు వదిలేయండని క్యాంపస్‌లు అంటాయి. రెండు వైపులా న్యాయం ఉంది.

కాలిఫోర్నియాలో రెండు పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీలు ఈ దారుల్లో నడిచి చూశాయి. ఒకటి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ): పది క్యాంపస్‌లు, పెద్ద ఆసుపత్రులు, రెండు లక్షలకు పైగా ఉద్యోగులు. మన పిల్లలు ఎమ్మెస్‌కు, పీహెచ్‌డీకి వెళ్లే బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్ డియాగో, డేవిస్ అన్నీ దీని క్యాంపస్‌లే. రెండోది కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ (కాల్ స్టేట్). దీనికి చాలాకాలం 23 క్యాంపస్‌లు ఉండేవి. ఇద్దరూ కొన్నది ఒకే సరుకు, పీపుల్‌సాఫ్ట్. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని ఎంతోమంది తెలుగువాళ్లు అమెరికా వెళ్లిన ఆ పీపుల్‌సాఫ్టే. 2005లో దాన్ని ఒరాకిల్ కొనేసింది. సరుకు ఒకటే అయినా ఇద్దరూ వాడుకున్న తీరు వేరు, తిన్న దెబ్బలూ వేరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జీతాలకు అందరికీ ఒకటే సిస్టమ్ ఉండాలి, ఆలస్యమైనా ఖర్చయినా సరే. ఖాతాలకు సాఫ్ట్‌వేర్ ఒకటే కానక్కర్లేదు, ఖర్చులను రాసుకునే కోడ్ నంబర్లు ఒకటైతే చాలు. విద్యార్థుల రికార్డుల సంగతి మాత్రం చదువు తీరును బట్టి తేల్చుకోవాలి. ఈ మూడింటినీ ఒకే గంపలో వేసి ఒకే టెండర్ పిలవడం దగ్గరే చాలా ప్రాజెక్టులు చెడతాయి.

అందరికీ ఒకటే: యూసీపాత్

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో జీతాల సిస్టమ్ 1980ల నాటిది, ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ మీద కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో నడిచేది. పేరుకు ఒకటే సిస్టమ్ గానీ, ఏళ్లు గడిచేకొద్దీ ఎవరికి కావలసిన మార్పులు వాళ్లు చేసుకోవడంతో 11 వేర్వేరు కాపీలయ్యాయి. ఒక క్యాంపస్ నుంచి ఇంకో క్యాంపస్‌కు మారిన ఉద్యోగిని కొత్తగా చేరినవాడిలాగే మళ్లీ ఎక్కించాలి. ఇదంతా తీసేసి ఒకే డేటాబేస్, ఒకే పద్ధతి, రివర్‌సైడ్‌లో ఒకే సేవా కేంద్రం పెట్టాలని 2011లో యూసీపాత్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. మొదటి అంచనా 30.6 కోట్ల డాలర్లు.

2015లో ముందుగా హెడ్డాఫీసు మారింది. 2018 నుంచి క్యాంపస్‌లు విడతలు విడతలుగా మారాయి. చివరి క్యాంపస్‌లు చేరేసరికి 2020 వచ్చింది. ఈలోగా ఖర్చు తడిసి మోపెడయింది. 2017లో రాష్ట్ర ఆడిటర్ లెక్క తీస్తే ప్రాజెక్టు బడ్జెట్ 50.4 కోట్లకు చేరింది, క్యాంపస్‌లు తమ జేబుల్లోంచి పెట్టుకున్నది కూడా కలిపితే 94.2 కోట్ల డాలర్లు. అంటే మొదటి అంచనాకు మూడు రెట్లు. క్యాంపస్‌లు పెట్టే ఖర్చును మొదటి అంచనాలో చూపకపోవడం ఇలాంటి ప్రాజెక్టులన్నిటిలో జరిగేదే. డేటా శుభ్రం చేసేది, సిబ్బందికి ట్రైనింగ్ ఇచ్చేది, తమ చిన్న చిన్న సాఫ్ట్‌వేర్లను కొత్తదానికి కలిపేది క్యాంపస్‌లే. ఆ పనికి పట్టే మనుషుల జీతాలు ఎవరి లెక్కలోనూ కనిపించవు.

ఖర్చు కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. టీచింగ్ అసిస్టెంట్‌గా చేరిన పీహెచ్‌డీ విద్యార్థిని తీసుకోండి. క్వార్టర్ పద్ధతి (మూడు నెలలకో టర్మ్) ఉన్న క్యాంపస్‌లో సెప్టెంబర్ చివర్లో తరగతులు మొదలవుతాయి. అక్టోబర్ నెల జీతం నవంబర్ ఒకటో తేదీన పడాలి. పాత రోజుల్లో డిపార్ట్‌మెంట్ ఆఫీసులో కూర్చునే ఉద్యోగి నేరుగా సిస్టమ్‌లో ఎక్కించేసేది. కొత్త పద్ధతిలో ముందు ఆ పనికి ఒక పొజిషన్, అంటే ఖాళీ సీటు, సృష్టించాలి, దానికి ఆమోదం రావాలి. తర్వాత ఆ పొజిషన్‌లో మనిషిని నింపే ఫారం పంపాలి, దానికి ఇంకో ఆమోదం. ఆ తర్వాత అది రివర్‌సైడ్ చేరాలి, అక్కడివాళ్లు చూసి ఖరారు చేయాలి. మధ్యలో ఎక్కడైనా తేదీ తప్పు పడితే ఫారం వెనక్కి వస్తుంది. నెల జీతాల గడువు దాటిపోతే సొమ్ము పడేది వచ్చే నెలే. ఆ పిల్లవాడు అద్దె కట్టాల్సింది మాత్రం ఒకటో తేదీనే. మారిన తొలి నెలల్లో విద్యార్థి ఉద్యోగుల్లో కొందరికి జీతాలు ఆలస్యమయ్యాయి, కొందరికి తక్కువ పడ్డాయి, యూనియన్ గట్టిగా పోరాడాల్సి వచ్చింది.

దీనికి కారణం సాఫ్ట్‌వేర్ చెడ్డదవడం కాదు. స్థిరమైన ఉద్యోగం, ఏళ్ల తరబడి అదే సీటు, అదే జీతం ఉండే కంపెనీ ఉద్యోగికి పొజిషన్ పద్ధతి చక్కగా సరిపోతుంది. మూడు నెలలకోసారి పని మారేవాళ్లకు, సగం జీతం ఒక డిపార్ట్‌మెంట్ నుంచి, సగం ప్రొఫెసర్ గ్రాంట్ నుంచి వచ్చేవాళ్లకు ప్రతిసారీ అదే తతంగం నడపాలి. యూనివర్సిటీలో ఇలాంటివాళ్లు వేలల్లో ఉంటారు. డిజైన్ చేసేటప్పుడు టేబుల్ దగ్గర డైరెక్టర్లతో పాటు డిపార్ట్‌మెంట్ ఆఫీసు ఉద్యోగులను కూడా కూర్చోబెట్టి ఉంటే ఇది మొదటి వారంలోనే బయటపడేది.

ఇంత జరిగినా జీతాలకు ఒకటే సిస్టమ్ మేలని ఎందుకంటున్నానంటే, జీతం విషయంలో క్యాంపస్‌కో నియమం ఉండదు, ఉండకూడదు. పన్ను ఒకటే, పెన్షన్ ఒకటే, యూనియన్ ఒప్పందం ఒకటే. ఒప్పందం మారినప్పుడల్లా 11 చోట్ల కోబాల్ తిరగరాయడం, అది రాయగలిగినవాళ్లు ఒక్కొక్కరే రిటైరవుతుండటం ఎంతకాలం సాగుతుంది? ఈ పని ఎప్పుడో ఒకప్పుడు చేయక తప్పదు.

ఒకే సాఫ్ట్‌వేర్, క్యాంపస్‌కో కాపీ: కాల్ స్టేట్

రెండో యూనివర్సిటీ 1990ల చివర్లోనే కామన్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ పేరుతో ఈ పనికి దిగింది. సాఫ్ట్‌వేర్ అందరికీ పీపుల్‌సాఫ్టే, కంప్యూటర్లు నడిపే చోటు ఒకటే, కానీ ప్రతి క్యాంపస్‌కూ తన డేటాబేస్ తనకుండేది. ఇది మధ్యేమార్గంలా కనిపిస్తుంది. రాష్ట్ర ఆడిటర్ 2003 మార్చిలో ఇచ్చిన నివేదిక చదివితే అంత తేలిగ్గా ఏమీ జరగలేదని తెలుస్తుంది. మొత్తం ఖర్చు 66.2 కోట్ల డాలర్లని తేల్చి, అసలు ఇది ఎందుకు అవసరమో యూనివర్సిటీ ముందుగా సరైన అధ్యయనం చేయలేదని ఆడిటర్ తప్పుపట్టారు.

ఈ దారిలో మంచి లేకపోలేదు. ఒక క్యాంపస్ ఆలస్యమైతే మిగతావి ఆగవు. ఒకచోట తప్పు జరిగితే అక్కడితోనే ఆగుతుంది. సిబ్బంది భయం లేకుండా నేర్చుకుంటారు. కానీ ప్రతి కాపీలో చిన్న చిన్న మార్పులు పేరుకుపోతాయి. ఒకచోట ఖాళీగా వదిలే గడిని ఇంకోచోట వేరే అవసరానికి వాడుకుంటారు. పదేళ్లు తిరిగేసరికి, మొత్తం యూనివర్సిటీలో ఎంతమంది తాత్కాలిక లెక్చరర్లున్నారో చెప్పడానికి అన్ని ఫైళ్లూ తెప్పించుకుని కూడుకోవాలి. తర్వాత వాళ్లు ఫైనాన్స్‌ను ఒకే డేటాబేస్‌లోకి తెచ్చారు, హెచ్‌ఆర్‌ను కూడా ఒకటి చేసే పని పెట్టుకున్నారు. అంటే ఒకే పనికి రెండుసార్లు ఖర్చు. అందుకే మధ్యేమార్గాన్ని నేను సిఫార్సు చేయను. జీతాల విషయంలో అసలే చేయను.

ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పాలి. కాల్ స్టేట్ ఉద్యోగులకు జీతం ఇచ్చేది యూనివర్సిటీ కాదు, రాష్ట్ర కంట్రోలర్ కార్యాలయం. ఆ కార్యాలయం తన పాత జీతాల సిస్టమ్‌ను మార్చాలని పూనుకుని, ముందు తన సొంత సిబ్బంది మీదే ప్రయోగించి చూసింది. జీతాల్లో తప్పులు దొర్లుతూనే ఉండటంతో 2013 ఫిబ్రవరిలో కాంట్రాక్టునే రద్దు చేసింది. 25 కోట్ల డాలర్లకు పైగా నీళ్లపాలయ్యాయి. అయినా ఆ నిర్ణయాన్ని నేను మెచ్చుకుంటాను. రాష్ట్ర ప్రభుత్వ డిపార్ట్‌మెంట్లన్నిటికీ ఒకేసారి ఎక్కించి ఉంటే ఎన్ని వేల ఇళ్లలో పొయ్యి వెలగకపోయేదో!

సాఫ్ట్‌వేర్ ఎవరిది వాళ్లదే, కోడ్లు మాత్రం ఒకటే

ఖాతాల విషయంలో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా తెలివైన పని చేసింది. సాఫ్ట్‌వేర్ ఏది కొంటారో క్యాంపస్‌లకే వదిలేసింది. శాన్ డియాగో 2020లో ఒరాకిల్ క్లౌడ్‌కు మారింది. డేవిస్ 2024లో అదే దారి పట్టింది. అర్వైన్ కువాలీ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు వెళ్లింది. కానీ ఖాతా కోడ్ల పట్టిక మాత్రం అందరికీ ఒకటే ఉండాలని గీత గీసింది.

ఇదేమంత పెద్ద విషయమా అనిపించవచ్చు. ఖాతాల పని చేసేవాళ్లను అడగండి. పాత రోజుల్లో ఒక క్యాంపస్ ప్రయాణ ఖర్చును ఒక నంబర్ కింద రాస్తుంది, ఇంకో క్యాంపస్ అదే నంబర్‌ను లాబ్ సామాన్లకు వాడుతుంది. ఏడాది చివర మొత్తం లెక్క కట్టాలంటే హెడ్డాఫీసులో ఎవరో ఒకరు ఎక్సెల్ ముందు కూర్చుని వరసకు వరస సరిచూడాలి. ఏ నిధి, ఏ డిపార్ట్‌మెంట్, ఏ రకం ఖర్చు, ఏ ప్రాజెక్టు అనే గళ్లు, వాటిలో రాసే నంబర్లు అందరికీ ఒకటైతే సాఫ్ట్‌వేర్ ఏదైనా లెక్కలు కలిసిపోతాయి. దీనికి కొత్త లైసెన్సులు కొనక్కర్లేదు. అక్కౌంటెంట్లు నెలల తరబడి కూర్చుని వాదించుకుని ఒప్పుకోవాలి, అంతే. కష్టమైన పనే, కానీ కోట్లు తగలేసే పని కాదు. పైగా రేపు ఎప్పుడైనా అందరూ ఒకే సాఫ్ట్‌వేర్‌కు మారాలనుకుంటే సగం పని అప్పటికే అయిపోయి ఉంటుంది.

కువాలీ గురించి రెండు మాటలు. ఇండియానా, కార్నెల్, అరిజోనా, హవాయి లాంటి యూనివర్సిటీలు కలిసి సొంతంగా రాసుకున్న ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అది. 2014లో దాన్ని నడపడానికి ఒక కంపెనీ పెట్టారు. లైసెన్స్ ఖర్చు ఉండదు గానీ, సొంత ప్రోగ్రామర్లు గట్టిగా ఉన్నచోటే అది నిలబడుతుంది. మన దేశంలో ఢిల్లీ యూనివర్సిటీలో పుట్టిన సమర్థ్ ఇలా యూనివర్సిటీల కోసం యూనివర్సిటీలోనే తయారైన సాఫ్ట్‌వేర్. చాలా సెంట్రల్ యూనివర్సిటీలు వాడుతున్నాయి. చిన్న యూనివర్సిటీకి బయటి టెండర్ కన్నా ముందు చూడవలసింది అదే అని నా నమ్మకం.

విద్యార్థుల రికార్డుల్లో మాత్రం యూసీలో ఎవరి దారి వాళ్లదే. బర్క్‌లీది పీపుల్‌సాఫ్ట్, డేవిస్‌ది బ్యానర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్, యూసీఎల్‌ఏది సొంతంగా రాసుకున్నది. అది సబబే. బర్క్‌లీ, మెర్సెడ్‌లలో సెమిస్టర్ పద్ధతి, మిగతా క్యాంపస్‌లలో ఎక్కువగా క్వార్టర్. క్రెడిట్లు వేరు, గడువులు వేరు, డిగ్రీ నియమాలు వేరు. వీటన్నిటినీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఇరికిస్తే ఎవరికీ సరిపోదు.

మన ఆర్‌జీయూకేటీకైతే?

ఇదే ప్రశ్న మన రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్‌కు వేసి చూస్తే జవాబు కొంచెం మారుతుంది. 2008లో మూడు క్యాంపస్‌లతో పుట్టింది. రాష్ట్ర విభజన తర్వాత బాసర తెలంగాణకు వెళ్లింది. ఆంధ్రలో నూజివీడు, ఇడుపులపాయలకు 2016లో శ్రీకాకుళం, ఒంగోలు తోడయ్యాయి. నాలుగింటికీ అడ్మిషన్ ఒకటే, పదో తరగతి తర్వాత ఆరేళ్ల చదువు అదే. అందుకే ఇక్కడ విద్యార్థుల రికార్డులకు కూడా ఒకే సిస్టమ్ పెట్టడమే మంచిది. యూసీలో వద్దన్నది ఇక్కడ కావాలనడానికి ఈ ఒక్క తేడా చాలు.

అయితే డేటా గళ్లు గీసేటప్పుడు జాగ్రత్త. మొదట్లో భవనాలు లేక ఒంగోలు పిల్లలు ఇడుపులపాయలో, శ్రీకాకుళం పిల్లలు నూజివీడులో చదువుకున్నారు. క్యాంపస్ అని ఒక్క గడే పెడితే ఆ పిల్లవాడు ఎవరి లెక్కలోకి వస్తాడు? స్కాలర్‌షిప్ ఎవరు పంపాలి, మెస్ బిల్లు ఎవరు కట్టాలి, సర్టిఫికెట్ మీద ఏ పేరు ఉండాలి? ఏ క్యాంపస్‌కు చెందినవాడు, ఇప్పుడు ఎక్కడ ఉంటున్నాడు అనేవి రెండు వేర్వేరు గళ్లు కావాలి. రెండింటికీ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అనేది రాసి ఉండాలి.

ఇంకొకటి, మన దగ్గర యూనివర్సిటీలు కలవడం కన్నా విడిపోవడమే ఎక్కువగా చూశాం. 2008లో జేఎన్‌టీయూ హైదరాబాద్, కాకినాడ, అనంతపురం అని వేర్వేరు యూనివర్సిటీలుగా చీలింది. ఆ తర్వాత బాసర సంగతి చూశాం. కాబట్టి ఎవరి దగ్గర ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా, ఒక క్యాంపస్ విడిపోతే దాని డేటా మొత్తాన్ని, పాత బ్యాచ్‌ల మార్కుల చరిత్రతో సహా, చదవడానికి వీలైన రూపంలో అదనపు రుసుం లేకుండా ఇవ్వాలని కాంట్రాక్టులో ముందే రాయించుకోవాలి. జీతాల భాగానికైతే ఇంకో షరతు కూడా పెట్టాలి: కనీసం మూడు నెలలు పాత సిస్టమ్‌లో, కొత్త సిస్టమ్‌లో ఒకే నెల జీతాలు విడివిడిగా లెక్కగట్టి, రూపాయి తేడా ఉన్నా కారణం తేల్చాకే పాతదాన్ని ఆపాలి. ఆ మూడు నెలల్లో కాంట్రాక్టు లెక్చరర్లు, మెంటర్లు, మెస్ సిబ్బంది జీతాలు కూడా కలిపే పరీక్షించాలి, ఎందుకంటే తేడాలు ముందు బయటపడేది అక్కడే.