మూడు సబ్జెక్టులా, ఒకే మేజరా? డిగ్రీలో ఏది మేలు?

ఇంటర్ ఫలితాలు రాగానే ఇంటింటా ఇంజినీరింగ్, నీట్ లెక్కలే. డిగ్రీ మాటొస్తే మాత్రం "బీఎస్సీలో ఏదో ఒకటి పెట్టెయ్" అనేస్తారు. ఇప్పుడు చిక్కంతా ఆ 'ఏదో ఒకటి' దగ్గరే. ఒకప్పుడు ఎంపీసీ, బీజెడ్‌సీ, హెచ్‌ఈపీ (చరిత్ర, ఎకనమిక్స్, పాలిటిక్స్), బీకాం చెప్పుకుంటే దాదాపు అయిపోయేది. ఇవాళ తెలంగాణ డిగ్రీ అడ్మిషన్ల పోర్టల్ దోస్త్‌లో ఆప్షన్లు తెరిచినా, ఆంధ్రలో డిగ్రీ అడ్మిషన్ల పోర్టల్ తెరిచినా జాబితా ఎంతకీ తరగదు. ఏ సబ్జెక్టుతో ఏది కలపాలో తేల్చుకునే భారం పదిహేడేళ్ల పిల్లల నెత్తిన పడింది.

ముందు పద్ధతుల సంగతి. మన రాష్ట్రాల్లో దశాబ్దాలుగా నడిచింది మూడు సబ్జెక్టుల డిగ్రీ. మూడూ సమానమే, వాటికి తోడు ఇంగ్లిష్, రెండో భాష. (రెండో భాషగా సంస్కృతం ఎందుకు తీసుకుంటారో మనకు తెలియంది కాదు. మార్కుల కోసమే.) ఆంధ్రప్రదేశ్ 2023-24లో దీన్ని పక్కనపెట్టి ఒక మేజర్ (ప్రధాన సబ్జెక్టు), ఒక మైనర్ (దానికి తోడుగా తక్కువ మోతాదులో చదివేది) పద్ధతి తెచ్చింది. తెలంగాణలో మూడు సబ్జెక్టులూ అలాగే ఉన్నా, కొన్ని కాలేజీల్లో బకెట్ పద్ధతి వచ్చింది. సబ్జెక్టులను బకెట్లుగా విడగొట్టి, ఒక్కో దాంట్లోంచి ఒక్కటి తీసుకోమంటారు. దాంతో ఎకనమిక్స్ పక్కన కంప్యూటర్స్ చేరే వీలు కలిగింది. ఇక యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు (ఏ కోర్సుకు ఎంత బరువో చెప్పే లెక్క). వాటిలో మేజర్‌కు కనీసం 60, మైనర్‌కు 24. మిగిలినవి భాషలకు, నైపుణ్య కోర్సులకు, ఇంటర్న్‌షిప్‌కు పోతాయి.

మూడు సబ్జెక్టుల డిగ్రీని పాతచింతకాయ పచ్చడిలా చూడటం ఈమధ్య ఫ్యాషనైంది. నాకు ఆ మాట నచ్చదు. దాని బలం ఏమిటంటే, నిర్ణయాన్ని మూడేళ్లు వాయిదా వేసుకోవచ్చు. ఎంపీసీలో చేరిన అమ్మాయి చివరి ఏడాదిలో ఎమ్మెస్సీ గణితానికి వెళ్లాలా, ఫిజిక్స్‌కా, కెమిస్ట్రీకా అని తేల్చుకోవచ్చు. అప్పటికి మూడింటి రుచీ తెలిసి ఉంటుంది. ఇంటర్‌లో కెమిస్ట్రీ అంటే కార్పొరేట్ కాలేజీ మెటీరియలే తప్ప ల్యాబ్ వాసన తగలని పిల్లలకు ఇది చిన్న లాభం కాదు.

రెండోది టీచరు ఉద్యోగం. మన దగ్గర డిగ్రీ చదివే పిల్లల్లో బీఈడీ, ఆపైన డీఎస్సీ అనుకునేవాళ్లు బోలెడంత మంది. బడిలో చెప్పే సబ్జెక్టుకు డిగ్రీలో ఏమేం చదివారన్నది అక్కడ చూస్తారు. కేంద్రీయ విద్యాలయాల్లో టీజీటీ (హైస్కూలు టీచరు) గణితం పోస్టుకు చాలాకాలంగా ఉన్న నిబంధన చూడండి: డిగ్రీలో గణితంతో పాటు ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్, స్టాటిస్టిక్స్‌లలో ఏవైనా రెండు ఉండాలి. సైన్స్ పోస్టుకైతే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ మూడూ కావాలి. అంటే అచ్చంగా బీజెడ్‌సీయే. బోటనీ మేజర్, జువాలజీ మైనర్ చదివినవారి చేతిలో కెమిస్ట్రీ ఉండదు. డిగ్రీ పద్ధతి మారినంత వేగంగా ఉద్యోగ నిబంధనలు మారవు. ఆ సందులో నలిగేది విద్యార్థే.

గ్రూప్-2 రాయాలనుకునేవారికి హెచ్‌ఈపీ అతికినట్టు సరిపోతుంది. తెలంగాణ గ్రూప్-2లో రెండో పేపర్ చరిత్ర, రాజ్యవ్యవస్థ, సమాజం. మూడోది ఆర్థిక వ్యవస్థ. ఆంధ్ర మెయిన్స్‌లోనూ చరిత్ర, రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థలదే పెద్దపీట. చరిత్ర ఒక్కటే మేజర్‌గా లోతుగా చదివినవారు ఎకనమిక్స్ కోసం కోచింగ్ సెంటరు గుమ్మం ఎక్కాల్సిందే.

లోపాలు లేవా? ఉన్నాయి. మూడు సైన్సులంటే మూడు ల్యాబులు, మూడు రికార్డులు. మూడో సబ్జెక్టును పరీక్షల ముందు వారంలో మోడల్ పేపర్లతో గట్టెక్కించడం ప్రతి డిగ్రీ కాలేజీలో ఉన్నదే. లోతు తగ్గుతుంది. గణితంలో అవకలన సమీకరణాలు, ఘన జ్యామితి, అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా, రియల్ ఎనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా అయ్యేసరికి పాత సిలబస్‌లో ప్రధాన పేపర్లు దాదాపు అయిపోయేవి. స్థానిక యూనివర్సిటీ ఎమ్మెస్సీకి అది చాలు. ఐఐటీల్లో ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్‌లో మంచి ర్యాంకు కొట్టాలంటే మాత్రం, సమయమంతా గణితానికే ఇచ్చి ఆనర్స్ చదివిన ఢిల్లీ పిల్లలతో పోటీ పడాలి.

అక్కడే సింగిల్ మేజర్ గెలుస్తుంది. 60 క్రెడిట్లంటే డిగ్రీలో సగం. సబ్జెక్టు మీద నిజంగా మనసున్న విద్యార్థికి మూడేళ్లు దాంతోనే గడిపే అవకాశం దొరుకుతుంది. మైనర్ చదివినదీ వృథా కాదు. 2024 జూన్‌లో యూజీసీ ఇచ్చిన పీజీ చట్రం, మేజర్‌లో గానీ మైనర్‌లో గానీ పీజీ చేయవచ్చని చెబుతోంది. అయితే యూనివర్సిటీ ప్రవేశ నోటిఫికేషన్‌లో అర్హతల వరుస ఏం చెబితే అదే చెల్లుతుంది కాబట్టి, ఆ ఒక్క పేజీ చదవకుండా మైనర్ మీద ఆశలు పెట్టుకోవద్దు.

సింగిల్ మేజర్‌తో వచ్చే ఒక ఇబ్బంది గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మూడు కలిపి చెప్పే రోజుల్లో ఫిజిక్స్‌కు గణితం తోడు, బోటనీకి కెమిస్ట్రీ తోడు. ఒక్కటే ఎంచుకోమనేసరికి అందరూ కంప్యూటర్స్ వైపు వెళ్తారు. ఫిజిక్స్ మేజర్‌కు పట్టుమని పదిమంది రాకపోతే చిన్న ఊరి కాలేజీ ఆ సెక్షన్‌ను ఎన్నాళ్లు నడుపుతుంది? స్వేచ్ఛ పెరిగిందని కాగితం చెబుతుంది, ఆ ఊళ్లో మాత్రం ఎంచుకోవడానికి మిగిలేవి రెండో మూడో.

మైనర్ ఎంపికలో నాది కాస్త మొండి అభిప్రాయం. మేజర్‌కు దగ్గరి చుట్టం లాంటి సబ్జెక్టును మైనర్‌గా తీసుకుంటే పెద్దగా కలిసొచ్చేదేమీ ఉండదు. రాజనీతిశాస్త్రానికి ప్రభుత్వ పాలనాశాస్త్రం, జువాలజీకి ఆక్వాకల్చర్ చేర్చడం తప్పని కాదు. భీమవరం వైపు పిల్లలకు ఆ రెండోది బతుకుదెరువే. కానీ ఒక సబ్జెక్టు ప్రశ్న వేయాలి, రెండోది ఆ ప్రశ్నను తేల్చే పనిముట్టు కావాలి. ఎకనమిక్స్ మేజర్‌కు స్టాటిస్టిక్స్ మైనర్ చేరితే, గుంటూరు యార్డులో మిర్చి ధర ఏ నెలలో ఎందుకు పడుతోందో లెక్కగట్టి చెప్పగలరు. ఉట్టి ఎకనమిక్స్‌తో వ్యాసం రాయగలరు, ఉట్టి స్టాటిస్టిక్స్‌తో గ్రాఫు గీయగలరు. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కంప్యూటర్ సైన్స్‌ను భాషాశాస్త్రంతో కలిపిన ఐదేళ్ల కోర్సు ఉంది. తెలుగు వ్యాకరణం తెలియని ప్రోగ్రామరూ, ప్రోగ్రామింగ్ తెలియని తెలుగు పండితుడూ విడివిడిగా చేయలేని పని అక్కడ ఒకే మనిషి చేస్తారు. అంత పెద్ద సంస్థలో సీటు రాకపోయినా, తెలుగు సాహిత్యం మేజర్‌కు కంప్యూటర్ అప్లికేషన్స్ మైనర్ ఇచ్చే కాలేజీ దొరికితే వదలొద్దంటాను. జర్నలిజం దొరికినా మంచిదే.

డబుల్ మేజర్ సంగతి తొందరగా చెప్పేస్తా. రెండో మేజర్‌కు మొత్తం క్రెడిట్లలో 40 శాతం, అంటే మూడేళ్లలో 48 తెచ్చుకోవాలి. గణితం, స్టాటిస్టిక్స్ లాంటి జంటకు కుదురుతుంది. ఫిజిక్స్, చరిత్ర జంటకు టైమ్‌టేబుల్ కుదరడమే గగనం.

విశాలంగా అన్నీ చదివించే ప్రైవేటు యూనివర్సిటీలు ఇంకో దారి. మన శ్రీసిటీలో ఉన్న క్రియా యూనివర్సిటీలో మొదట అందరికీ ఉమ్మడి కోర్సులు, మేజర్ ఎంపిక ఆ తర్వాతే. చదువు పద్ధతిగా చూస్తే వీటన్నిటిలో నాకు నచ్చేది ఇదే. కానీ ఫీజు ఏడాదికి లక్షల్లో. స్కాలర్‌షిప్ రాకుండా అప్పు చేసి చేర్పించమని మాత్రం ఏ రైతు కుటుంబానికీ చెప్పను.

డబ్బు తక్కువ, ఆసక్తులు రెండు అయితే చవకైన మార్గం ఒకటుంది. 2022 నుంచి యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవనిస్తోంది. రెండూ రెగ్యులర్ అయితే క్లాసుల వేళలు ఒకదానికొకటి అడ్డురాకూడదు. లేదంటే ఒకటి రెగ్యులర్, ఇంకొకటి దూరవిద్య. ఊళ్లో బీఎస్సీ చదువుతూ అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో గానీ ఇగ్నోలో గానీ బీఏ చేయొచ్చు. పరీక్షల తేదీలు ఢీకొంటాయేమో ముందే చూసుకోవాలి. డబుల్ మేజర్ కోసం కాలేజీతో కుస్తీ పట్టడం కన్నా ఇది నయం.

డిగ్రీ మూడేళ్లు చదవాలా, నాలుగేళ్లా అన్నది వేరే ప్రశ్న. ముక్కలో చెప్పాలంటే, అమెరికాలో ఎంఎస్‌కు చాలా యూనివర్సిటీలు పదహారేళ్ల చదువు అడుగుతాయి కాబట్టి అటు చూసేవారికి నాలుగో ఏడాది పనికొస్తుంది. ఆ నాలుగో ఏడాది రీసెర్చ్‌తో ఆనర్స్ కావాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలి. ఉద్యోగం త్వరగా కావాల్సిన ఇంట్లో మూడేళ్లే.

కాబట్టి బీఈడీ, గ్రూప్స్ వైపు వెళ్లేవారికి, ఇంకా ఏమీ తేల్చుకోనివారికి నా ఓటు మూడు సబ్జెక్టులకే. సబ్జెక్టు ఖాయమై పీజీ, పరిశోధన అనుకునేవారికి సింగిల్ మేజర్, దానికి పనిముట్టు లాంటి మైనర్. ఆంధ్రలో చేరేవారు ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోవాలి. నిబంధనలు ఇప్పటికే రెండుమూడుసార్లు మారాయి.

ఆప్షన్లు పెట్టేముందు కాలేజీకి ఒక్కసారి స్వయంగా వెళ్లండి. బ్రోషర్ పక్కనపెట్టి, రెండో ఏడాది విద్యార్థుల టైమ్‌టేబుల్ చూపించమనండి. మీరనుకున్న మైనర్‌కు లెక్చరర్ ఉన్నారా, గెస్ట్ ఫ్యాకల్టీనా, పోయినేడు ఎంతమంది తీసుకున్నారు అని ఆఫీసులో కాకుండా పిల్లల్ని అడగండి. "స్టాటిస్టిక్స్ పేరుకే ఉంది, అందరికీ హార్టికల్చర్ ఇచ్చేశారు" అన్న జవాబొస్తే, బస్సులో ఇంకో గంట ప్రయాణమైనా పక్క ఊరి కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టండి.