డైరీ రాయడానికి నోటుపుస్తకమా, ఫోన్ యాపా?

ఖర్చు: 200 పేజీల రూళ్ల పుస్తకం రోజుకో పేజీ లెక్కన ఆరు నెలలు దాటి వస్తుంది. యాప్ ఉచితమే అంటారు గానీ, ఫొటోలూ బ్యాకప్పూ కావాలంటే చాలావాటికి ఏటా చందా కట్టాలి.

శ్రమ: ఫోన్‌లో మైకు నొక్కి చెబితే తెలుగులో టైపైపోతుంది. చేత్తో అయితే పేజీకి పావుగంట. నన్నడిగితే ఆ నిదానమే లాభం. "కోపమొచ్చింది" అని రాశాక పెన్ను ఆగుతుంది. అసలు కారణం తర్వాతి వాక్యంలో బయటపడుతుంది: తమ్ముడి ముందు నాన్న మాటన్నాడనో, మధ్యాహ్నం తిండి మానేశామనో. ఫోన్‌లో సరిగ్గా అప్పుడే పైనుంచి వాట్సాప్ మెసేజ్ జారుతుంది. యాపే వాడితే ఆ కాసేపు 'డు నాట్ డిస్టర్బ్' పెట్టుకోండి.

రిస్క్: పుస్తకాన్ని ఇంట్లో ఎవరైనా తిరగేయొచ్చు. తడిస్తే జెల్ పెన్ను రాత అలుక్కుపోతుంది, బాల్‌పెన్ను నయం. యాప్‌కు తాళం వేసుకోవచ్చు. కానీ బ్యాకప్ లేకుండా అన్‌ఇన్‌స్టాల్ చేస్తే రాసిందంతా గోవిందా. నెలకోసారి పీడీఎఫ్ తీసి దాచుకోవాలి.

వెతుకులాట: ఇక్కడ యాప్‌దే పైచేయి. పుస్తకానికైతే పేజీల నంబర్లు వేసి చివర సూచిక రాసుకోవాలి.

తేలని విషయమేదో మనసులో నలుగుతుంటే పుస్తకం. హాస్టల్ గదిలో ఉంటున్నా, నిద్ర, తలనొప్పి లెక్కలు డాక్టరుకు చూపించాలన్నా యాప్.